‘గెడ్డ’ చెల్లుతుందా?

శ్రీకాకుళం అన్న మాటకి తెలుగులో నాలుగు గళ్ళు చాలు: శ్రీ, కా, కు, ళం. అదే మాట ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే పది గళ్ళు కావాలి. తెల్లవాళ్ళు రికార్డుల్లో రాసుకున్న చికాకోల్‌కి వాళ్ళ స్పెల్లింగులో తొమ్మిది. మా జనం పిలుచుకునే సిక్కోలుకి మూడే. పక్కనున్న విజయనగరం మనకి ఆరు, వాళ్ళకి పన్నెండు. ఒక ఊరి పేరు ఎన్ని గళ్ళలో ఇముడుతుందన్నది ఆ పేరుని ఏ లిపిలో రాస్తున్నాం, ఎవరి నోటితో పలుకుతున్నాం అన్న రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. తెలుగులో స్క్రాబుల్ ఆడాలని కూర్చున్నవాళ్ళకి మొదటి గంటలోనే ఎదురయ్యే చిక్కులు కూడా సరిగ్గా ఈ రెండే. బిళ్ళ మీద ఏం రాయాలి? ఏ మాట చెల్లుతుంది?

మేం నలుగురం. శ్రీకాకుళం జిల్లా నుంచి నేను, నెల్లూరు నుంచి ఒకమ్మాయి, ఆదిలాబాద్ నుంచి ఒకతను, హైదరాబాదులోనే పుట్టి పెరిగిన ఇంకొకతను. కొన్నాళ్ళు ఇంగ్లిషు స్క్రాబుల్ ఆడి, తర్వాత అట్టముక్కలు కత్తిరించుకుని తెలుగు సెట్టు తయారుచేసుకున్నాం. ఆ పనిలో నాకు అర్థమైన సంగతేమిటంటే, మేం ఆట కోసం పెట్టుకుంటున్న ప్రతి నియమం మీదా మా రెండు జిల్లాల్లో ఇదివరకే ఎవరో ఒకరు ఏళ్ళ తరబడి కొట్లాడారు. ఈ వ్యాసం ఆ కొట్లాటల గురించి. ఆఖర్లో ఆట ఎలా ఆడాలో కూడా చెబుతాను.

నిరుద్యోగి లెక్కపెట్టిన అక్షరాలు

స్క్రాబుల్ కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ మోషర్ బట్స్ అమెరికాలో ఒక ఆర్కిటెక్టు. 1930ల ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోయింది. ఖాళీగా కూర్చుని ఆటల గురించి ఆలోచించాడు. అదృష్టం మీద నడిచే ఆటలున్నాయి, బుర్ర మీద నడిచేవున్నాయి. రెండూ సగం సగం కలిసిన ఆట ఒకటి కావాలనుకున్నాడు. అప్పటికి పత్రికల్లో క్రాస్‌వర్డ్ పిచ్చి బాగా పట్టుకుంది. ఆర్థర్ విన్ మొదటి క్రాస్‌వర్డ్‌ని న్యూయార్క్ వరల్డ్ పత్రికలో 1913 డిసెంబర్ 21న వేశాడు. అక్షరాలు కలగాపులగం చేసి మాటలు కట్టే ఆటని క్రాస్‌వర్డ్ గళ్ళ మీదికి తెచ్చాడు బట్స్. ముందు దానికి లెక్సికో అని పేరు పెట్టాడు. 1938 నాటికి అది క్రిస్‌క్రాస్ వర్డ్స్ అయింది. 1948లో జేమ్స్ బ్రూనో హక్కులు తీసుకుని స్క్రాబుల్ అన్న పేరుతో అమ్మడం మొదలుపెట్టాడు. మరో నాలుగైదేళ్ళకి అమెరికాలో అది ఇంటింటి ఆట.

బట్స్ తెలివంతా ఒక చిన్న పనిలో ఉంది. ఏ అక్షరం ఎన్ని బిళ్ళలుండాలి, ఏ బిళ్ళకి ఎన్ని మార్కులు అన్నది ఊహించి రాసుకోలేదతను. న్యూయార్క్ టైమ్స్ లాంటి పత్రికలు ముందేసుకుని అక్షరాలు లెక్కపెట్టాడు. ఎక్కువగా కనబడే ‘ఇ’కి పన్నెండు బిళ్ళలు, ఒక్కో మార్కు. అరుదైన ‘క్యూ’, ‘జెడ్’లకి ఒక్కో బిళ్ళ, పదేసి మార్కులు. అంతా కలిపి వంద బిళ్ళలు, వాటిలో రెండు ఖాళీవి. పదిహేను అడ్డం, పదిహేను నిలువు గళ్ళ బోర్డు. చేతిలో ఎప్పుడూ ఏడు బిళ్ళలు. ఏడూ ఒకేసారి వాడేస్తే యాభై మార్కులు అదనం. ఎనభై ఏళ్ళు దాటినా ఈ అంకెలు పెద్దగా మారలేదు.

ఒక్క అక్షరం విషయంలో మాత్రం లెక్కని పక్కనబెట్టాడు. ఇంగ్లిషులో ‘ఎస్’ చాలా ఎక్కువగా వస్తుంది. కానీ ఏ నామవాచకం చివర తగిలించినా బహువచనం అయిపోతుంది కాబట్టి ఆట మరీ తేలికవుతుందని నాలుగే బిళ్ళలు పెట్టాడు. దీన్ని గుర్తుపెట్టుకోండి, మన ‘లు’ దగ్గర పనికొస్తుంది.

మన గడి, మన అక్షరం

అక్షరాలతో ఆడుకోవడం మనకి బట్స్ నేర్పలేదు. వాత్స్యాయనుడి అరవై నాలుగు కళల జాబితాలో ప్రహేళిక ఉంది. ప్రతిమాల అని ఇంకొకటుంది, అది ఇప్పటి అంత్యాక్షరి. దండి కావ్యాదర్శంలో ప్రహేళికల రకాలన్నిటినీ వర్గాలు చేసి చెప్పాడు. సంస్కృతంలోనూ తెలుగులోనూ బంధకవిత్వం రాసినవాళ్ళు చక్రం బొమ్మలోనో పాము బొమ్మలోనో పద్యాన్ని పొదిగేవారు. అక్కడ రెండు దారులు కలిసే చోట ఒకే అక్షరం రెండు వైపులా చదవడానికి పనికిరావాలి. స్క్రాబుల్ బోర్డు మీద అడ్డం మాటా నిలువు మాటా కలిసే గడికున్న షరతు కూడా అదే.

అష్టావధానంలో ఈ పోలిక ఇంకా దగ్గరగా ఉంటుంది. న్యస్తాక్షరిలో పృచ్ఛకుడు ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం రావాలంటాడు, అవధాని ఆ గడిని నింపుతూ పద్యం కట్టాలి. నిషిద్ధాక్షరిలో అవధాని తర్వాత ఏ అక్షరం వేస్తాడో ఊహించి పృచ్ఛకుడు దారి మూసేస్తుంటాడు. వ్యస్తాక్షరిలో ఒక వాక్యంలోని అక్షరాలు వరస తప్పించి, ఇది ఏడోది, ఇది రెండోది అంటూ మధ్య మధ్యలో అందిస్తారు. చివర్లో అవధాని వాటిని వరసలో పేర్చి చదవాలి. చేతిలో ఏడు బిళ్ళలు పెట్టుకుని మాట కోసం తడుముకునేవాడు చేసే పని ఇదే. కాకపోతే అవధానికి బిళ్ళలుండవు, జ్ఞాపకం ఒక్కటే.

మా వైపు ఈ విద్యలో ఆదిభట్ల నారాయణదాసుని చెప్పుకోవాలి. 1864లో అజ్జాడలో పుట్టి, హరికథకి పితామహుడై, విజయనగరం సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపల్‌గా పనిచేసిన దాసుగారు అవధానాలు కూడా చేశారు. సీమపల్కువహి పేరుతో అచ్చతెలుగు మాటల నిఘంటువు కూర్చిందీ ఆయనే. అక్షరంతో ఆడేవాడికి మాటల పట్టిక అవసరమవుతుంది. ఆ సంగతి మళ్ళీ వస్తుంది.

అవధానంలో గమనించాల్సింది ఇంకొకటుంది. పృచ్ఛకుడు ‘అక్షరం’ అన్నప్పుడు అతని ఉద్దేశం క కాదు, ర కాదు, ఇ కాదు. ‘క్రి’ అంతా కలిపి ఒక్క అక్షరం. గుణింతం, ఒత్తు, సున్న అన్నీ దాని ఒంటి మీదే ఉంటాయి. ఇంగ్లిషు క్రాస్‌వర్డ్ తెలుగు పత్రికల్లోకి వచ్చినప్పుడు కూడా మనవాళ్ళు ఈ లెక్కే పాటించారు. శ్రీశ్రీ దాన్ని పదబంధ ప్రహేళిక అన్నాడు, ఆరుద్ర గళ్ళ నుడికట్టు అన్నాడు. శ్రీశ్రీ విశాఖపట్నం మనిషి. అక్కడే పుట్టిన ఆరుద్ర విజయనగరం కాలేజీలో చదువుకున్నాడు. ఇద్దరి గళ్ళలోనూ ‘శ్రీ’ ఒక్క గడే. ఇప్పటికీ ఆదివారం పత్రికలో గళ్ళు నింపే ఏ పెద్దావిణ్ణి అడిగినా, స్త్రీ అన్న మాటకి ఎన్ని గళ్ళో ఆలోచించకుండా చెబుతుంది. వ్యాకరణం ఏమన్నా ఆట మాత్రం ఈ తగువు ఎప్పుడో తీర్చేసింది.

బిళ్ళ మీద ఏం రాయాలి?

కాగితం మీద పెన్సిలుతో నింపే గళ్ళకి ఇది సరిపోయింది. బిళ్ళల దగ్గరికొచ్చేసరికి తిరగబడింది. ఎందుకో చిన్న లెక్క. ముప్ఫై అయిదు హల్లులు తీసుకుందాం. అ నుంచి ఔ దాకా పన్నెండు గుణింతాలు. 35 ఇంటూ 12, మొత్తం 420. ఇక ఒత్తులు కలిపితే కాగితం మీద వచ్చే సంఖ్య 35 ఇంటూ 35 ఇంటూ 12, అంటే 14,700. వీటిలో చాలావాటితో తెలుగులో మాటే ఉండదు, నిజమే. అయినా వంద బిళ్ళల సంచీలో పట్టే సరుకు కాదిది.

ఈ తలనొప్పి మొదట అచ్చాఫీసుల వాళ్ళు పడ్డారు. ఇంగ్లిషు కంపోజిటరుకి కొన్ని పదుల గళ్ళున్న కేసు చాలితే, తెలుగు కంపోజిటరు వందల గళ్ళ ముందు నిలబడి గుణింతాలనీ ఒత్తులనీ విడివిడిగా ఏరుకుని పేర్చేవాడు. అంటే తెలుగు స్క్రాబుల్‌కి కావాల్సిన మాదిరి అతని కేసులోనే ఉంది: అక్షరాన్ని ముక్కలు చెయ్యడం. భారతీయ భాషల కోసం బెంగళూరులోని మ్యాడ్‌ర్యాట్ సంస్థ తెచ్చిన ‘అక్షరిత్’ లాంటి ఆటలు కూడా గుణింతం సమస్యకి పరిష్కారం చూసుకున్నాకే పెట్టెలోకెక్కాయి.

మేం మూడు పద్ధతులు చూశాం. మొదటిది, బాగా వాడే నిండు అక్షరాలే బిళ్ళలుగా చేసుకోవడం. ‘లు’, ‘ము’, ‘డు’, ‘ని’ దొరికినంతసేపూ హాయిగా ఉంటుంది, ‘కొ’ కావాల్సి వచ్చినప్పుడు ఆట ఆగిపోతుంది. రెండోది, హల్లులు వేరే బిళ్ళలు, గుణింతాలు వేరే బిళ్ళలు. చేతిలో ఏడు బిళ్ళలుంటే నాలుగు కొమ్ములూ రెండు గుడులూ వచ్చి కూర్చుంటాయి. పైగా గుడి పైన పెట్టాలి, కొమ్ము పక్కన పెట్టాలి, ఒత్తు కింద పెట్టాలి. పక్క వరసలో మాట పెట్టాలంటే చోటుండదు.

మూడోది మాకు పనికొచ్చింది. బిళ్ళ మీద హల్లు మాత్రమే ఉంటుంది. దాని గుణింతం ఆటగాడి ఇష్టం. బిళ్ళకి ప్లాస్టిక్ టేపు అంటించి, చెరిగిపోయే మార్కరుతో గుణింతం రాసేస్తాడు. ‘గ’ బిళ్ళ గె కావచ్చు, గో కావచ్చు, గం కావచ్చు. ఒకసారి రాశాక అడ్డంగా చదివినా నిలువుగా చదివినా అదే అక్షరం, బంధకవిత్వంలో లాగే. ద్విత్వం ఉచితం, డ బిళ్ళ మీద డ్డ రాసుకోవచ్చు. వేరే హల్లు ఒత్తుగా కావాలంటే మాత్రం ఆ హల్లు బిళ్ళ కూడా చేతిలో ఉండాలి. దాన్ని మొదటి బిళ్ళ కింద దూర్చి, రెండిటి మార్కులూ వేసుకుంటాడు. మన ఒత్తు ఎలాగూ అక్షరం కిందే కదా ఉండేది!

ఇక ‘లు’. ఇంగ్లిషు ‘ఎస్’ ఎక్కడ తగిలించినా అతుక్కుంటుంది. మన బహువచనం అలా ఊరుకోదు, ముందున్న అక్షరాన్ని కూడా కదిలిస్తుంది. మేక మేకలవుతుంది, ఆవు ఆవులవుతుంది, అంతవరకూ బాగానే ఉంది. కాకి కాకులవుతుంది. గుర్రం గుర్రాలు. చెట్టు చెట్లు. ఇల్లు ఇళ్ళు. కాబట్టి బోర్డు మీదున్న కాకి పక్కన ల బిళ్ళ పెట్టి కాకులు చెయ్యాలంటే, ‘కి’ చెరిపి ‘కు’ రాయడానికి ఒప్పుకోవాలి. మేం ఒప్పుకున్నాం, కానీ ఆ ‘కి’ మీదుగా నిలువుగా ఇంకో మాట వెళ్తుంటే కుదరదు. ఈ ఒక్క షరతుతో బట్స్ నాలుగు బిళ్ళలు పెట్టి సాధించింది మనకి భాషే సాధించి పెట్టింది.

ఎవరి తెలుగుని లెక్కపెట్టాలి?

మార్కుల దగ్గరే అసలు గొడవ మొదలైంది. బట్స్ పద్ధతి ప్రకారం ముందు ఏదో ఒక పాఠం ముందేసుకుని అక్షరాలు లెక్కపెట్టాలి. ఏ పాఠం? శ్రీనాథుడి పద్యాలు తీసుకుంటే ఖ, ఘ, ధ, భ, శ, ష పుష్కలంగా కనిపిస్తాయి. కన్యాశుల్కంలో మామూలు మనుషుల సంభాషణలు తీసుకుంటే అవే అక్షరాలు పలచబడతాయి. మా పొలం గట్టు మీద ఇద్దరు ఆడవాళ్ళ మాటలు రాసుకుంటే దాదాపు కనబడవు. మా దగ్గర శ, ష, స మూడూ చాలా నోళ్ళలో స ఒక్కటే. శ్రీకాకుళం సిక్కోలు అయింది అందుకే.

అరుదైన అక్షరానికి ఎక్కువ మార్కులన్న సూత్రాన్ని తెలుగులోకి ఉన్నదున్నట్టు తెస్తే ఏమవుతుందో చూడండి. మన దగ్గర అరుదైన అక్షరాల్లో ఎక్కువ భాగం ఒత్తక్షరాలు, అవి ఎక్కువగా సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లోనే ఉంటాయి. ఘోష రెండు బిళ్ళలు, గెడ్డ రెండు బిళ్ళలు. ఒత్తక్షరాలకీ ష లాంటివాటికీ ఎనిమిదేసి మార్కులు పెడితే ఘోషకి పదహారు, గెడ్డకి రెండు. ఎవరూ కుట్ర పన్నక్కర్లేదు. అంకెలు నిష్పక్షపాతంగా లెక్కపెట్టామనుకుంటూనే సంస్కృతం చదువుకున్న ఇంటి పిల్లల్ని గెలిపించే ఆట తయారుచేస్తాం.

వందేళ్ళ కిందట ఇదే జరుగుతోందని పట్టుకున్నవాళ్ళు మా వైపు వాళ్ళు. గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి ఇద్దరూ విజయనగరంలో కలిసి చదువుకున్నారు. గిడుగు పుట్టింది శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో, 1863 ఆగస్టు 29న. ఆ రోజే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం. 1880లో పర్లాకిమిడి స్కూల్లో చరిత్ర చెప్పే మేష్టరుగా చేరాడు. గురజాడ విజయనగరం సంస్థానంలో ఉండి కన్యాశుల్కం రాశాడు. అది 1892లో మొదట ఆడారు, 1897లో అచ్చయింది. వాడుక మాటలోనే ఎందుకు రాశానన్నది దాని ఇంగ్లిషు ముందుమాటలో ఆయనే చెప్పుకున్నాడు.

1907లో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లిషు అధికారి ఈ జిల్లాల స్కూళ్ళకి ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. జనం మాట్లాడే తెలుగు ఒకటీ పుస్తకాల్లో తెలుగు ఇంకొకటీ ఎందుకున్నాయని అడిగాడు. అడిగింది పరాయివాడు. జవాబు వెతికే పనిలో మాత్రం గిడుగు తన మిగతా జీవితం మొత్తం పెట్టేశాడు. పాత శాసనాలు, తాళపత్రాలు, వ్యాఖ్యానాలు తిరగేసి, పండితులు తప్పు అనే రూపాలు పండితుల వచనంలోనే ఉన్నాయని చూపించాడు. 1913లో ఆధునిక తెలుగు మీద ఇంగ్లిషులో మెమొరాండం ప్రచురించాడు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించాడు. 1919లో గిడుగు ‘తెలుగు’ పేరుతో పత్రిక పెట్టాడు. స్కూలు ఫైనలు పరీక్షలో పిల్లవాడు మామూలు తెలుగులో వ్యాసం రాస్తే మార్కులెయ్యాలా వద్దా అన్నది వీళ్ళ తగువులో ముఖ్యమైన ప్రశ్న. అంటే అచ్చంగా మార్కుల తగువే.

ఏ మాట చెల్లుతుంది?

అవతలి పక్షాన జయంతి రామయ్య పంతులు ఉన్నారు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, పిఠాపురం మహారాజు అండతో సూర్యరాయాంధ్ర నిఘంటువు పని ఎత్తుకుంది. ఎంత పెద్ద పనో చెప్పలేను, ఈనాటికీ నేను తెరవని వారం ఉండదు. కానీ అది కావ్యభాష నిఘంటువు. పుస్తకాలకెక్కిన మాటకే అందులో చోటు. అంతకుముందు 1852లో సి.పి. బ్రౌన్ తన నిఘంటువులో వాడుక మాటలకి కూడా తలుపు తీశాడు. బహుజనపల్లి సీతారామాచార్యులు శబ్దరత్నాకరం 1885 నాటిది, అదీ ప్రధానంగా కావ్యాల వైపే చూస్తుంది.

1936 అన్న సంవత్సరం దగ్గర నేను ఎప్పుడూ కాసేపు ఆగుతాను. సూర్యరాయాంధ్ర మొదటి సంపుటం ఆ ఏడు వచ్చింది. ఆ ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్ళిపోయింది. డెబ్భై దాటిన గిడుగు యాభై ఏళ్ళకి పైగా బతికిన ఊరు వదిలి రాజమండ్రి చేరాడు. అదే ఏడు మంగేయి గొమాంగో సవర భాషకి సొరాంగ్ సోంపెంగ్ అనే కొత్త లిపి తయారుచేశాడు. ఆ సవర భాషకి వ్యాకరణం రాసింది కూడా గిడుగే. పర్లాకిమిడిలో ఉన్నప్పుడే ఆ భాష నేర్చుకుని, 1931లో దాని మీద ఇంగ్లిషులో పుస్తకం, 1938లో సవర–ఇంగ్లిషు నిఘంటువు వెలువరించాడు. తెలుగులో ఏ మాట చెల్లుతుందని పండితులతో పోరాడుతూనే, లిపే లేని భాషలో ప్రతి మాటా చెల్లుతుందన్నట్టు రాసుకుంటూ పోయాడాయన.

అయితే గిడుగు పక్షాన కూడా ఒక గీత ఉంది. ఆయన అడిగింది శిష్టవ్యావహారికం; చదువుకున్నవాళ్ళు మాట్లాడే తెలుగు. మా అమ్మమ్మ ‘బేగి రా’ అన్నప్పటి బేగి, ‘ఏటి’ అన్నప్పటి ఏటి ఆ గీతకి బయటే ఉన్నాయి. అవి కథల్లోకి తలెత్తుకుని వచ్చింది ఆ తర్వాత. విజయనగరంలో చాసో, రాచకొండ విశ్వనాథశాస్త్రి, 1960ల్లో ‘యజ్ఞం’ రాసిన కాళీపట్నం రామారావు, వాళ్ళ తర్వాత భూషణం, అట్టాడ అప్పల్నాయుడు, గంటేడ గౌరునాయుడు దాకా ఎందరో వీటిని రాశారు. కారా మేష్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి, అచ్చయిన ప్రతి తెలుగు కథా దొరకాలని పోగుచేశారు. కథలు దాచిన ఇల్లని అందరూ అంటారు. నాకది ఏ నిఘంటువులోనూ పడని మాటలు దాచిన ఇల్లు కూడా.

నిఘంటువుల వైపు నుంచి కూడా ఒక మంచి పని జరిగింది. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాలతో 1962లో, చేనేత పదాలతో 1971లో వచ్చింది. ఊరూరా తిరిగి రైతుల్నీ నేతగాళ్ళనీ అడిగి రాసుకున్న మాటలవి. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకే ఆడవాళ్ళకి తెలిసిన మాటలు కావ్యంలో దొరకవు, వాళ్ళనే అడగాలి. పడుగు, పేక, ఏకు అన్నవి అందరికీ తెలిసినవి. వాటి వెనక ఇంకెన్ని ఉన్నాయో ఒకసారి మగ్గం పక్కన కూర్చుంటే తెలుస్తుంది.

ఇదంతా మా ఆట బల్ల దగ్గరికి ఇలా వచ్చింది. ఒక ఆదివారం నేను గ, డ బిళ్ళలు పెట్టి ‘గెడ్డ’ రాశాను. “అది గడ్డ కదా, నువ్వు తప్పు రాశావు” అంది నెల్లూరమ్మాయి. “ఉల్లిగడ్డనా?” అన్నాడు ఆదిలాబాదతను. గెడ్డ అంటే మా దగ్గర కొండ మీంచి దిగే వాగు. పెద్దగెడ్డ, వట్టిగెడ్డ అని మా పక్క రెండు సాగునీటి ప్రాజెక్టులున్నాయి. వేల ఎకరాలకి నీళ్ళిచ్చే మాట రెండు మార్కులకి చెల్లదా?

నవ్వుతూనే అడిగాను గానీ, ఆ ప్రశ్నలో కొంత పాత సరుకుంది. హాస్టల్లో చేరిన మొదటి వారంలోనే ‘ఏటి’ అనడం మానేసినవాళ్ళలో నేనొకణ్ణి. సినిమాల్లో మా యాస పనిమనిషికో వెర్రిబాగులవాడికో పెడతారని మాకు తెలుసు కాబట్టి, ఎవరూ చెప్పకుండానే మానేశాం. ఇంటికి ఫోను చేసినప్పుడు ఒక తెలుగు, ఫోను పెట్టేశాక ఒక తెలుగు. అలా రెండు తెలుగులతో బతికేవాళ్ళు ఆదిలాబాదులోనూ ఉన్నారు. ఆ రోజు మా బల్ల దగ్గరే ఇద్దరం తేలాం. అతను తన తర్వాతి వంతుకి వాళ్ళ ఊరి మాటొకటి పెట్టి, మేం అడక్కముందే అర్థం చెప్పాడు.

ఇంగ్లిషు స్క్రాబుల్‌లో ఈ తగువుకి జవాబు పట్టికే. అమెరికాలో 1978 నుంచి స్క్రాబుల్ ఆటగాళ్ళకి ప్రత్యేకంగా నిఘంటువు ఉంది. అందులో ఉంటే చెల్లుతుంది, లేకపోతే లేదు. పందికొక్కు నుంచి పుట్టిన బ్యాండికూట్ ఇంగ్లిషు స్క్రాబుల్‌లో హాయిగా చెల్లుతుంది. మన నాలుగు అక్షరాల పందికొక్కు వాళ్ళ దగ్గర తొమ్మిది గళ్ళు ఆక్రమించింది. పట్టికతో సౌకర్యం ఉంది, ఒక చిత్రమైన ఫలితం కూడా ఉంది. న్యూజిలాండ్‌కి చెందిన నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. అతనికి ఫ్రెంచి మాట్లాడడం రాదు. మాటల పట్టిక బట్టీపట్టాడు. అద్భుతమే. కానీ నలుగురు స్నేహితులు ఆదివారం సాయంత్రం కూర్చునే ఆటకి మాత్రం అది ఆదర్శం కాదు.

ఇక ఆడదాం

మీరూ తయారుచేసుకోవాలంటే, మేం వాడే పద్ధతి ఇది.

వంద బిళ్ళలు కత్తిరించుకోండి. క, ర, ల, న, త, ప, మ, వ, స, డ, గ, చ ఈ పన్నెండు హల్లులకీ అయిదేసి చొప్పున అరవై; ఒక్కోటి ఒక మార్కు. ట, ద, బ, జ, య, ళ, ణ కలిపి ఇరవై, రెండేసి మార్కులు. ణ, ళ ఒక్కోటి చాలు, మిగతా అయిదిటికీ పద్దెనిమిది పంచుకోండి. అచ్చులు పది, ఒక్కో మార్కు; అ బిళ్ళనే ఆ చేసుకోవచ్చు, ఇ ని ఈ చేసుకోవచ్చు. మన మాటల్లో అచ్చు మొదట్లోనే వస్తుంది కాబట్టి ఇంతకంటే అక్కర్లేదు. శ, ష, హ, భ, ధ, ఖ, ఘ, ఛ ఒక్కోటి. వీటికి మూడేసి మార్కులే, ఎనిమిది కాదు. కారణం పైన చెప్పాను. రెండు ఖాళీ బిళ్ళలు. థ, ఫ లాంటివి కావాలంటే ఈ ఖాళీ బిళ్ళ మీదే రాసుకోవాలి.

బోర్డు పదిహేను గళ్ళది అక్కర్లేదు. తెలుగు మాటలు గళ్ళ లెక్కలో పొట్టివి, పదకొండు ఇంటూ పదకొండు చాలు. చేతిలో ఏడు బిళ్ళలు. మొదటి మాట నడి గడి మీదుగా వెళ్ళాలి. తర్వాత ప్రతి మాటా బోర్డు మీదున్న ఏదో ఒక బిళ్ళని తాకాలి. తాకిన చోట పక్కపక్కన ఏర్పడేవన్నీ మాటలు కావాలి. ఏడు బిళ్ళలూ ఒకేసారి వాడితే యాభై కాదు, ఇరవై మార్కులు. ఒత్తుల కింద బిళ్ళలు దూర్చే వీలుంది కాబట్టి మన దగ్గర అది కొంచెం తేలిక.

ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు చెల్లవు. విభక్తులు తగిలించిన రూపాలు కూడా వద్దనుకున్నాం, లేకపోతే ప్రతి మాట చివరా ‘కి’, ‘లో’, ‘ని’ అతికిస్తూ కూర్చుంటారు. క్రియల్లో ఏ రూపమైనా ఫరవాలేదు. వచ్చింది, వచ్చినాది రెండూ చెల్లుతాయి.

ఎవరైనా సవాలు చేస్తే ముందు ఆంధ్రభారతిలో వెతుకుతాం. నిఘంటువులన్నీ ఒక్కచోట ఉన్నాయి కాబట్టి అరనిమిషం పని. అక్కడ దొరక్కపోతే అచ్చయిన కథలో చూపించవచ్చు. అక్కడా లేకపోతే మాట పెట్టినవాళ్ళు మూడు సంగతులు చెప్పాలి: ఆ మాట ఎవరంటారు, ఎప్పుడంటారు, దాంతో ఒక వాక్యం. మిగతా ముగ్గురిలో ఇద్దరికి నమ్మకం కుదిరితే చెల్లుతుంది. పైగా నిఘంటువులో దొరకని ఊరి మాటకి మార్కులు రెట్టింపు. గెడ్డకి రెండు కాదు, నాలుగు. అబద్ధం చెప్పి గెలవొచ్చు కదా అని అడుగుతారు అందరూ. గెలవొచ్చు. కానీ వాక్యం చెప్పమన్నప్పుడు లేని మాటకి నోరు తిరగదు, ఆడి చూడండి.

ఒక నోట్‌బుక్కు దగ్గర పెట్టుకోండి. రెట్టింపు మార్కులు పొందిన ప్రతి మాటా అందులో రాయండి: మాట, అర్థం, ఏ ఊరు, ఆ వాక్యం. మా దాంట్లో ఇప్పుడు గెడ్డ పక్కనే మదుము ఉంది. చెరువు నీళ్ళు వదిలే తూము అది. వెతికితే అది నిఘంటువులో కూడా దొరికింది, దాంతో రెట్టింపు పోయింది. అయినా కొట్టెయ్యలేదు, మాట బాగుందని ఉంచేశాం.